పక్కవాణ్ణి అడుగు

ముక్కుతో మొదలెట్టకు. కారికేచర్ నేర్చుకునే ప్రతివాడి చెయ్యీ ముందు ముక్కు మీదికే పోతుంది. దాన్ని సాగదీస్తే చాలు, నవ్వొచ్చేస్తుందని ధీమా. నవ్వొస్తుంది, మనిషి రాడు. ముందు తల ఆకారం పట్టు: గుండ్రమా, కోలా, దవడ దగ్గర వెడల్పా. తర్వాత ఖాళీలు చూడు. కంటికీ కనుబొమకీ మధ్య ఎంత ఎడం, ముక్కు కింది నుంచి పైపెదవి దాకా ఎంత జాగా. మనిషి ఆ జాగాల్లో దొరుకుతాడు. ముక్కూ చెవులూ ఆఖర్న వేసినా ఎక్కడికీ పోవు.

నేను పత్రికలో ఆర్ట్ సెక్షన్‌లో కూర్చుని రాజకీయ నాయకుల తలకాయలు గీస్తూ బతికినవాణ్ణి. దాంతోపాటు సావనీర్ల పని పట్టాను. వాకర్స్ క్లబ్బులు, పూర్వ విద్యార్థుల సంఘాలు, బ్యాంకు యూనియన్లు, అప్పుడప్పుడూ అమెరికా తెలుగు సంఘాలు. సభ్యులకి తలో బొమ్మ, బొమ్మ కింద ఆటపట్టిస్తూ రెండు ముక్కలు. సంఘం వాళ్ళు వీటిని ‘సరదా పేజీలు’ అంటారు. సరదా వాళ్ళది, చెమట మనది. నాయకుణ్ణి గీయడం దీనికంటే తేలిక. ఆయన ముఖం ఊరందరికీ తెలుసు, ఆయన మన డ్రాయింగ్ బల్ల దగ్గరికి రాడు. ఇక్కడ బొమ్మలోని మనిషి, ఆయన భార్య, అల్లుడు, రోజూ ఆయన పక్కన నడిచే స్నేహితులు, అందరూ ఒకే హాల్లో కూర్చుని ఒకేసారి పేజీ తిప్పుతారు.

1831లో పారిస్‌లో షార్ల్ ఫిలిపోన్ అనే పత్రికాధిపతి, రాజు లూయీ ఫిలిప్ ముఖం మెల్లమెల్లగా పియర్ పండులా మారిపోయే నాలుగు బొమ్మలు కోర్టులో గీసి చూపించాడు. వీటిలో ఏది నేరమో చెప్పండని వాదన. జైలు తప్పలేదు, కానీ రాజుకి ఆ పండూ తప్పలేదు. అది పైవాడి మీద గీసే బొమ్మ. మనం గీసేది రేపు పొద్దున్న మళ్ళీ కలిసి టీ తాగాల్సినవాళ్ళని. కలం ఒకటే, ఒత్తిడి వేరు.

నాకు ముఖం నేర్పినాయన విజయవాడ గాంధీనగర్‌లో సినిమా బ్యానర్లు వేసేవారు. స్టిల్ ఫోటో మీద గళ్ళు కట్టి, గోడంత గుడ్డ మీద అవే గళ్ళు పెద్దవి కొట్టి, నిచ్చెనెక్కి గడి గడికీ రంగు నింపుకుంటూ పోవడం. నిచ్చెన మీదున్నవాడికి ముఖం కనబడదు, చెంప మాత్రమే కనిపిస్తుంది. అందుకని గంటకోసారి కిందికి దింపి, “రోడ్డు దాటి చూడరా” అనేవారు. అవతల రిక్షావాళ్ళుండేవాళ్ళు. పేరు రాయకముందే వాళ్ళ నోట హీరో పేరు రావాలి. రాకపోతే కళ్ళు చెరిపి మళ్ళీ వేయాల్సిందే. 2000 దాటాక ఫ్లెక్సీ వచ్చి ఆ గుడ్డల్నీ నిచ్చెనల్నీ మింగేసింది. ఆ పరీక్ష మాత్రం నా దగ్గర మిగిలింది. ఇప్పుడు బొమ్మని ఫోనులో గోరంత చేసి, సంఘంలో ఒకరికి చూపిస్తాను. పేరు వెంటనే చెప్పారా, సరే. “ఎవరబ్బా...” అన్నారా, కాగితం చింపడమే.

ఆయనే ఇంకో మాట అనేవారు: “ఒక్కణ్ణే చూడకు, పదిమందిలో నిలబెట్టి చూడు.” చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది, 1980ల్లో సూసన్ బ్రెనన్ అనే అమెరికన్ కంప్యూటర్‌తో కారికేచర్ గీయించింది కూడా ఈ లెక్కతోనేనని. సగటు ముఖం ఒకటి పెట్టుకోవడం, మన మనిషి దానికి ఎక్కడ తేడాగా ఉన్నాడో ఆ తేడాని మాత్రం పెంచడం. గాంధీనగర్ గురువుగారు కంప్యూటర్ ముట్టుకోలేదు. అయితే సగటు అనేది సంఘానికో రకంగా ఉంటుంది, అది కంప్యూటర్ చెప్పదు. వాకర్స్ క్లబ్బులో బొజ్జ గీసి నవ్వించాలనుకోవడం దండగ. అక్కడ అందరికీ ఉంది. బొజ్జ లేనివాడెవడో వెతుకు, వాడే నీ బొమ్మ.

ఇక అసలు పని. సభ్యుల వివరాలు కావాలంటే సంఘం వాళ్ళు ఒక ఫారం పంపుతారు: పుట్టిన తేదీ, అభిరుచులు, ఇష్టమైన పుస్తకం. దాన్ని పక్కన పెట్టు. తన గురించి తను రాసుకున్నదాంట్లో ప్రతివాడూ సమయపాలన పాటిస్తాడు, పాత పాటలు వింటాడు, సేవ చేస్తాడు. ఎవరి గురించి వాళ్ళని అడక్కు, పక్కవాణ్ణి అడుగు. మీ కోశాధికారి ఎలాంటివారని అడిగితే, “చాలా నిజాయితీపరులు” అన్నారు అందరూ. దాన్ని ఎలా గీస్తాం? ఆయనతో నడిచేవాడు మాత్రం, “టీ తాగి చిల్లర మర్చిపోతే మర్నాడు మనల్ని దూరంనుంచి చూసి వేళ్ళు లెక్కపెట్టుకుంటూ వస్తాడండీ” అన్నాడు. బొమ్మ అయిపోయింది. కనుచూపుమేరలో ఒక చిన్న మనిషి, వేళ్ళు మాత్రం పేజీ నిండా.

బట్టలు కూడా చూసుకో. ఆర్.కె. లక్ష్మణ్ కామన్ మ్యాన్ నోరు తెరవకుండా దశాబ్దాలు నడిచాడు. ఆ గళ్ళ కోటు, పంచె చాలు గుర్తుపట్టడానికి. క్లబ్బులోనూ అలాంటివాళ్ళుంటారు. మే నెల ఎండలోనూ మంకీ క్యాప్ తీయనాయన, అల్లుడు కొనిచ్చిన బూట్లని చూపించడానికి ప్యాంటు మడిచి నడిచే ఆయన. వీళ్ళకి ముఖం సగం గీసినా సరిపోతుంది.

బొమ్మ కింద రాయడం నాకు చేతకాదు. అది మా పత్రికలో డెస్కు మీద పనిచేసిన మేడం నేర్పారు. నేను మూడు లైన్లు రాసి తీసుకెళ్తే ఎర్ర పెన్నుతో కొట్టుకుంటూ పోయి చివరికి ఒక వాక్యం మిగిల్చేవారు. “బొమ్మలో ఉన్నది మళ్ళీ కింద రాయకు. బొమ్మ చెప్పలేనిది రాయి” అనేవారు. ‘సరదా మనిషి’, ‘మంచి స్నేహశీలి’ లాంటివి రాస్తే ఆమె చూపు తట్టుకోవడం కష్టం. బొమ్మకి చెవులుండవు కదా, అందుకని మనిషి మాట రాయమనేవారు. ఊతపదం దొరికిందా, నీ అదృష్టం పండినట్టే. ఒక రిటైర్డ్ తహసీల్దారుగారు దేనికైనా “చూద్దాం, పెట్టండి” అనేవారు. ఆయన్ని టిఫిన్ బల్ల ముందు కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని కూర్చోబెట్టి, కింద “ఇడ్లీయా వడా అన్న అర్జీ పరిశీలనలో ఉంది” అని వేశాం. హాలంతా గొల్లుమంది. ఆయన మాత్రం పుస్తకం మూసి, పక్కవాళ్ళతో గంభీరంగా, “చూద్దాం” అన్నారు. అందులో సగం పేరు ఆ మేడానికే వెళ్ళాలి.

యాస జోలికి పోయేటప్పుడు జాగ్రత్త. ఒక్క శ్రీకాకుళం ఆయన మాటనే యాసలో రాసి మిగతావాళ్ళందరికీ పుస్తకభాష పెడితే అది ఆటపట్టించడం కాదు, వేలెత్తి చూపడం. రాస్తే అందరిదీ వాళ్ళ వాళ్ళ యాసలోనే రాయి. గుంటూరు వాళ్ళదీ, వరంగల్ వాళ్ళదీ, కడప వాళ్ళదీ. అప్పుడు పేజీ కూడా కళకళలాడుతుంది.

ముట్టుకోకూడనివి కొన్ని ఉన్నాయి. నడకలో కుంటు, ఒంటి రంగు, చెవిలో మిషను, పిల్లలు లేకపోవడం. బట్టతల అయితే, ఆయనే ముందు జోకేసుకునే రకమైతేనే. విగ్గుంటే జుట్టున్నట్టే గీయి, కాస్త ఒత్తుగానే గీయి. ఆయన నీకు జన్మంతా ఋణపడి ఉంటాడు. నా దగ్గర పని నేర్చుకున్న కుర్రాడొకడు, ఒక సభ్యుడు టిఫిన్ టైముకి ముందే మాయమైపోతాడని విని, బిల్లు కట్టే వేళకి గోడదూకి పారిపోతున్నట్టు గీశాడు. బొమ్మ బాగుంది, నేనూ నవ్వాను. అలవాటు కొద్దీ ఇంకొకర్ని అడిగాం. ఆ టైముకి ఆయన భార్యని డయాలసిస్‌కి తీసుకెళ్ళాలట. అందుకే ఒక్క పక్కవాడు చాలడు, ఇద్దరుండాలి. ఆ కుర్రాడు ఇప్పుడు హైదరాబాద్‌లో నాకంటే ఎక్కువ సంపాదిస్తున్నాడు, ముగ్గుర్ని అడుగుతాడు.

అధ్యక్షుడి బొమ్మ అందరికంటే ముందు గీయి, అందరికంటే గట్టిగా గీయి. ఆయన్ని దువ్వినట్టు గీస్తే మిగతా సభ్యులు తమ బొమ్మల్లో ప్రతి గీతకీ అర్థం వెతుకుతారు. ఆయనే నవ్వి ఊరుకున్నాక ఇంకెవరూ అలగలేరు. ఒక అధ్యక్షులవారు “ఒక్క నిమిషం” అని మైకు పట్టుకుంటే సభ చీకటి పడేదాకా సాగేది. మైకు కింద వేళ్ళు దిగి, పైన చిగుళ్ళేసి, ఆయన భుజాల మీద పిచ్చుకలు గూడు పెట్టినట్టు గీశాను. ప్రూఫు చూసి ఫోన్ చేశారు. గొంతులో కోపం. “ఏమండీ, నాకు రెండు శాలువాలే వేశారేంటి? మొన్న ఒక్క సభలోనే ఐదు కప్పారు!” మైకు సంగతి ఆయన కంటికే ఆనలేదు. శాలువాలు పెంచాను. పిచ్చుకలు అందులో హాయిగా పడుకున్నాయి.

అన్నిటికంటే కష్టం, ఏ విశేషమూ లేని మనిషి. ప్రతి సంఘంలోనూ ఉంటారు. ముఖం సగటు, బట్టలు సగటు, ఊతపదం లేదు. అసలు మాటే లేదు. ఎవర్నడిగినా “మంచాయనండీ” అంటారు. ఆ మాటతో పెన్సిల్ కదలదు. ఇలాంటిచోట పేజీ నింపడానికి చాలామంది చిత్రకారులు వట్టి ముఖం దించేసి చేతులు దులుపుకుంటారు. అది ఆయనకి తెలుస్తుంది. అందరి బొమ్మకీ జనం నవ్వి, తన బొమ్మ దగ్గర మర్యాదగా పేజీ తిప్పేస్తే తెలియకుండా ఎలా ఉంటుంది? సంఘంలో నిన్ను ఎవరూ ఆటపట్టించకపోవడమంటే నువ్వు ఉన్నట్టు ఎవరూ చూడలేదనే.

దీనికి నా దగ్గరొక ప్రశ్న ఉంది. “ఆయన ఎలాంటివారు?” అని కాదు, “ఆయన రాని రోజు మీకెలా తెలుస్తుంది?” అని అడుగు. ఒక క్లబ్బులో ఇలాంటి పెద్దాయన గురించి అడిగితే సభ్యులంతా ముఖాలు చూసుకున్నారు. టీ పోసే అబ్బాయి మాత్రం, “ఆయన రాకపోతే పేపరు ఊడిపోయుంటుంది సార్” అన్నాడు. విషయం ఏంటంటే, పొద్దున్నే క్లబ్బు పేపరు తలో పేజీ లాక్కుని చదివి ఎవరిదారిన వాళ్ళు పోతారు. ఈయన చివరిదాకా ఉండి, స్పోర్ట్స్ పేజీ బెంచీ కింద నుంచి, సినిమా పేజీ కారు బానెట్ మీద నుంచి ఏరుకొచ్చి, వరస పెట్టి మడిచి వెళ్తారు. ఎవరూ ఎన్నడూ గమనించలేదు. అందరూ పేజీలు పట్టుకుని పారిపోతున్నట్టు, ఈయన సీతాకోకచిలకలు పట్టే వలతో వెంటపడుతున్నట్టు వేశాను. కింద “మెయిన్ ఎడిషన్, జిల్లా ఎడిషన్, ఈయన ఎడిషన్” అని మేడం రాశారు. ఆ సావనీరులో అందరికంటే ఎక్కువసేపు చప్పట్లు ఆ పేజీకే. టీ అబ్బాయి పేరు కూడా బొమ్మ మూలన వేశాం.

సావనీరుతో ఒక చిక్కుంది. ప్రతివాడూ తన పేజీ చూసుకుని మూసేస్తాడు. అమెరికాలో అల్ హిర్ష్‌ఫెల్డ్ 1945లో కూతురు పుట్టినప్పటినుంచీ ఆమె పేరు నీనాని తన బొమ్మల్లో, జుట్టు వంపుల్లో, చొక్కా మడతల్లో దాచేవాడు. ఎన్నిసార్లు దాచాడో సంతకం పక్కన అంకె వేసేవాడు. జనం వెతుక్కునేవాళ్ళు. నేను ఆ తెలివి అరువు తెచ్చుకుని, పార్కులో తిరిగే పిల్లిని ప్రతి పేజీలో ఎక్కడో ఒకచోట కూర్చోబెడతాను. మనవలు పిల్లిని వెతుకుతూ తాతయ్య స్నేహితులందర్నీ చూసేస్తారు.

సరంజామా గురించి ఎక్కువ చెప్పను. జింకు బ్లాకుల రోజుల్లో గీతలు దగ్గరగా పడితే ఇంకు పట్టుకుని నల్లగా ముద్దైపోయేది. అందుకని ఒకటిన్నర రెట్లు పెద్దదిగా గీసి కుదించేవాళ్ళం, తక్కువ గీతల్లో తేల్చేవాళ్ళం. ఆ పొదుపు కావాలంటే ముళ్ళపూడివారి బుడుగుకి బాపు వేసిన బొమ్మలు ముందు పెట్టుకో. చూసి దించకు, ఏ గీత వదిలేశారో చూడు. ఇప్పుడు అంతా ట్యాబ్లెట్ మీదే. అన్‌డూ నొక్కడం మరిగిన చెయ్యికి గీత మీద ధైర్యం తగ్గుతుంది. నాకూ తగ్గింది. వారానికోసారైనా ఇండియన్ ఇంకులో పాళీ ముంచు. పెళ్ళిళ్ళలో ఎదురుగా కూర్చోబెట్టి గీసేటప్పుడైతే బ్రష్ పెన్ను, మందపాటి కార్డు. అక్కడ నవ్వు పుట్టించే గీత ఆఖర్న వెయ్యి. నీ వెనక నిలబడ్డవాళ్ళు ముందే నవ్వితే ఎదురుగా ఉన్నాయన ముఖం బిగుసుకుపోయి ఇక దొరకదు.

డబ్బు సంగతి మొహమాటపడకుండా మాట్లాడు. తలకింత అను, పేజీకింత అనకు. పేజీకింత అంటే ఒక్క పేజీలో పన్నెండు తలలు ఇరికిస్తారు. సగం ముందే తీసుకో. ప్రూఫు కమిటీకి మాత్రమే చూపించు. విడివిడిగా పంపావా, ప్రతి ఇంట్లోనూ ఒక ఎడిటర్ పుడతాడు, అందరికీ పదేళ్ళు తగ్గించమంటాడు. పుస్తకం విడుదలయ్యాక ఒరిజినల్స్ ఎవరివి వాళ్ళకి ఇచ్చెయ్యి, ఫ్రేము డబ్బులు వాళ్ళే పెట్టుకుంటారు. సంతకం చిన్నగా పెట్టినా ఫోన్ నంబరు స్పష్టంగా రాయి. వచ్చే సంఘం వాళ్ళు ఎవరింట్లోనో గోడ మీద దాన్ని చూసే పిలుస్తారు.