అరుగు మీది దావా

ప్రొద్దుటూరులో మా వీధి అరుగు మీద చట్టం గురించి మొదలైన మాట రాజకీయంలోకి వెళ్లక మానదు. వకీలును గనక సందేహాలన్నీ నాకే వస్తాయి. జమ్మలమడుగు రైతు పాసుపుస్తకం విప్పుతాడు; పులివెందుల నుంచి వచ్చిన చుట్టం యెవరు గెలుస్తారంటాడు.

2023 అక్టోబరు 31న ల్యాండ్ టైట్లింగ్ చట్టం అమలులోకి వచ్చింది. రాష్ట్రంలో న్యాయవాదులం కోర్టులు బహిష్కరించాం. మగ్గం నేసే పక్కింటి పెద్దాయన సూటిగా అడిగాడు: "మీ ఫీజులు పోతాయనే గదా లాయరన్నా, యీ గోలంతా?"

ఆ ప్రశ్నను కొట్టిపారేయరాదు. తండ్రి వేసిన దావాకు కొడుకు తీర్పు వినే కోర్టును పేదవాడెందుకు ప్రేమించాలి? అయితే ఆ చట్టం హక్కు తగాదాను సివిల్ కోర్టు నుంచి తప్పించి అధికారి చేతిలో పెట్టింది. రిజిస్టరులోకెక్కిన పేరును రెండేళ్లలో ఆక్షేపించకపోతే అదే తిరుగులేని హక్కు అన్నది. ముఠాల చరిత్ర గల మా సీమలో అధికారి కలం మీద యెవరి నీడ పడుతుందో పెద్దాయనకు చెప్పనక్కరలేదు. కోర్టులో యెంత ఆలస్యమైనా సాక్షిని నలుగురి యెదుట అడ్డప్రశ్నలు అడిగే వీలుంది.

2024లో ప్రభుత్వం మారింది. శాసనసభ ఆ చట్టాన్ని రద్దుచేసింది. మా వకీళ్లు సంతోషించారు. నాది సగం సంతోషమే. కోర్టు మాకు మిగిలింది గాని వాయిదాలు పెద్దాయనకు మిగిలాయి. భూమి రికార్డును గ్రామసభలో పైకి చదవాలి, తీర్పుకు గడువుండాలి, 1987 చట్టం పేదలకు హామీయిచ్చిన ఉచిత వకీలు నిజంగా కోర్టుకు రావాలి. వీటికోసం కూడా మేము కోర్టులు మాని వీధిలోకి వచ్చిననాడే ఆయన ప్రశ్నకు జవాబు చెప్పినవాళ్లమవుతాం.