నాయక శబ్దార్థం



కొన్ని సంవత్సరాల క్రిందట మా ఆలయ రథోత్సవంలో నా వలన ఒక అపచారం జరిగింది. స్వామివారు రథారూఢులైనారు. హారతి ముగిసింది. ముహూర్తం సమీపించినా, "నాయకులు విచ్చేస్తున్నారు, క్షణకాలం ఆగండి" అని మైకులో నేనే ప్రకటించాను. ఆ క్షణం గంట దాటింది. స్వామి ఎండలో, భక్తులు మోకులు పట్టుకొని నిలిచిపోయారు. అప్పుడు, చక్రాల క్రింద కొయ్యమొద్దు పెట్టి మలుపులలో తేరును త్రిప్పే వృద్ధుడు నా చెంతకు వచ్చి మెల్లగా అన్నాడు: "సామీ, ఆ పెద్దాయన కోసరం దేవుణ్ణి ఎండలో నిలబెడితే ఎట్ల?"

ఆయనను వీధివీధంతా 'నాయనా' అనే పిలుస్తుంది. మా మదనపల్లె ప్రాంతంలో నాయన అంటే తండ్రి. నాకు సమాధానం తోచలేదు.

ఆ రాత్రి, గురుముఖతః నేర్చిన ధాత్వర్థమే నన్ను నిలదీసింది. నాయక శబ్దానికి మూలం 'ణీఞ్ ప్రాపణే' అను ధాతువు. ప్రాపణమనగా గమ్యానికి చేర్చుట. కావున నాయకుడనగా ముందు కూర్చున్నవాడు కాడు, వెంట ఉన్నవారిని చేర్చువాడు. మన నాయుడు అనే మాట కూడా నాయక శబ్దం నుండి వచ్చినదే.

విష్ణుసహస్రనామంలో అగ్రణి, గ్రామణి, నేత అను మూడు నామాలు ఒకే శ్లోకంలో వస్తాయి. మూడింటా ఉన్నది ఈ ధాతువే. శంకర భగవత్పాదుల భాష్యం ప్రకారం ముముక్షువులను ఉత్తమపదానికి చేర్చువాడు అగ్రణి. భూతసమూహాన్ని నడిపించువాడు గ్రామణి. జగద్యంత్ర నిర్వాహకుడు నేత. మూడు అర్థాలలోనూ ఉన్నది కర్తవ్యమే, అగ్రాసనం కాదు. నిత్యం పారాయణ చేసే నేను ఇది మరచి మైకు పట్టుకున్నాను.

అట్లని పెద్దలను గౌరవించుట దోషం కాదు. తైత్తిరీయ సంహితలోని రాజసూయ ప్రకరణంలో గ్రామణి గృహంలో మరుత్తులకు హవిస్సు విధింపబడినది. అంతటి రాజు యజ్ఞం గ్రామపెద్ద ఇంటికి కదలి వెళ్ళింది. అయితే ఆ గౌరవం దేవతకు హవిస్సు సమర్పించుట ద్వారా జరిగిందే గాని, దేవతను నిలిపివేసి జరిగినది కాదు. నేను చేసినది దానికి విపరీతం.

ఈ శబ్దంతో మా ఊరికి మరొక అనుబంధం ఉన్నది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాకూరు మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలలో బస చేసి, 'జనగణమన' గీతాన్ని ఆంగ్లంలోకి అనువదించారు. అందలి 'అధినాయక' పదం ఆంగ్ల చక్రవర్తిని ఉద్దేశించినదని కొందరు నిందించారు. 1937లో వ్రాసిన ఒక లేఖలో ఆయన దానిని ఖండించి, ఆ అధినాయకుడు యుగయుగాలుగా మానవరథాన్ని నడిపే సారథియేనని స్పష్టపరచారు. కురుక్షేత్రంలో రథికుని స్థానం అర్జునునిది. పగ్గాలు పట్టినది జగన్నాథుడు. నాయకత్వమంటే పగ్గాలు పట్టే శ్రమయే గాని రథమెక్కే హోదా కాదు.

మరుసటి సంవత్సరం ముహూర్తానికే తేరు కదిలింది. నాయకులు కొంత ఆలస్యంగా వచ్చారు. నమస్కరించి మోకు చూపాను. వారు సంతోషంగా అందరితోపాటు పట్టి లాగారు. నడివీధిలో తేరు ఆగినప్పుడు ఆ వృద్ధునికి తొలి తీర్థం ఇవ్వబోయాను. ఆయన భుజం మీది కొయ్యమొద్దును దించకనే చేయి అడ్డం పెట్టి, "ఇప్పుడే వద్దు సామీ, ముందు తేరు ఇల్లు చేరనీ" అన్నాడు.

ధాతుపాఠం ఎరుగని ఆ పెద్ద నోట 'ప్రాపణే' అన్న మాటకు అర్థం విన్నాను. తేరు నిలయం చేరిన పిమ్మట ఆయన తీర్థం పుచ్చుకున్నాడు.

స్వస్తి.