జనం మెచ్చిన విమానం

విమానం ఫొటో తీయడం పెద్ద విద్యేం కాదు. మెడ పట్టేసేదాకా పైకి చూడగలిగితే చాలు. తీసిన ఫొటోని పదిమంది చేత "అబ్బ!" అనిపించుకోవడం ఉంది చూశారూ, అదీ బ్రహ్మవిద్య. ఏ ఫొటో జనానికి ఎందుకు నచ్చుతుందో, ఏది ఎందుకు నచ్చదో, ఒక ఏడు కుదిరి మరో ఏడు కుదరని ఆవకాయలాంటి వ్యవహారం. అయిదేళ్ళుగా ఈ తంటాలో ఉన్నదాన్ని కనక, నాకు అంతుచిక్కినంత మేరకు మీతో చెప్పుకుందామని కూర్చున్నాను.

మేముండేది బడంగ్‌పేటలో. 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం మొదలయ్యాక మా ఆకాశానికి కూడా రద్దీ వచ్చింది. మా మేడెక్కి దక్షిణం వైపు తిరిగి నిలబడితే, వచ్చేవీ పోయేవీ ఒకదాని వెనక ఒకటి కనిపిస్తూనే ఉంటాయి. మా అబ్బాయి ఉద్యోగానికి పూణే వెళ్తూ తన పాత కెమెరా ఇంట్లో వదిలి వెళ్ళాడు. వడియాలకి కాకులు తోలడానికి కూర్చున్న ఆడదాని చేతికి కెమెరా దొరికితే ఏం చేస్తుంది చెప్పండి? మొదటి వారం మావారు లెక్క వేశారు. విమానాలు నలభై రెండు దొరికాయిట, గుమ్మడి వడియాలు మాత్రం సగమే మిగిలాయిట.

చెప్పొద్దూ, ఈ పనిలో పడ్డాకే నాకు గాలి సంగతి తెలిసింది. విమానం గాలికి ఎదురెళ్ళి దిగుతుంది, గాలికి ఎదురెళ్ళే లేస్తుంది. మన రన్‌వే తూర్పు పడమరలుగా ఉంది. వానాకాలం పడమటి గాలి వీస్తుంది కనక దిగే విమానాలు తూర్పు నుంచి, అంటే మా వైపు నుంచి, చక్రాలు చాపుకుని వస్తాయి. చలికాలం గాలి తిరిగేసరికి లేచేవి ఇటు వస్తాయి. ఏ నెలలో ఏ మూల కూర్చోవాలో ఇప్పుడు నేను పంచాంగం చూడకుండా చెప్పగలను. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం మాత్రం అసలు వద్దు. నేల మీద వేడి ఆవిరి కదిలి, విమానం నూనెలో వేగుతున్న అప్పడంలా వంకర్లు తిరిగి కనిపిస్తుంది. ఇక పంకాల విమానం సంగతి. కెమెరా వేగం మరీ ఎక్కువ పెడితే పంకాలు కదలకుండా నిలబడిపోతాయి. చూసినవాళ్ళు "అయ్యో, ఇంజను ఆగిపోయిందా?" అంటారు. సెకనులో నూట పాతికో వంతు దగ్గర పెట్టుకుంటే పంకా తిరుగుతున్నట్టు గుండ్రంగా పడుతుంది. కానీ అంతసేపు చెయ్యి వణక్కూడదు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు పిట్టగోడకి ఆనుకోవడమే మార్గం.

ఇదంతా పనితనం. పనితనం ఉన్నంత మాత్రాన జనం మెచ్చుతారా? ఆ భ్రమ నాకు రెండేళ్ళ క్రితం వినాయక చవితికి వదిలింది. మా కాలనీ కుర్రాళ్ళు మండపం పక్కన ఒక పలక కట్టి, "ఆంటీ, మీ విమానాలు పెడదాం" అన్నారు. పన్నెండు ఫొటోలు పెద్దవి చేయించి అంటించాం. నేను ముత్యంలా చూసుకునే ఫొటో ఒకటి ఉంది. సాయంకాలపు ఎండ పక్కనుంచి పడి, కిటికీలు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకునేంత స్పష్టంగా వచ్చింది. దాని ముందు ఎవరూ రెండు క్షణాలు ఆగలేదు. జనమంతా మూడింటి దగ్గర మూగారు. ఒకటి, నిండు చందమామకి అడ్డంగా పోతున్న విమానం. నిజానికి అది కొంచెం అలికినట్టుంది. రెండోది, ఎదురింటి వాళ్ళ నీళ్ళ ట్యాంకు మీద విమానం వాలినట్టు పడింది. పిల్లలు దాన్ని చూసి పడీపడీ నవ్వారు. మూడోది, ముందు బర్రెలు, వెనక విమానం. దాని సంగతి తర్వాత చెబుతాను.

"కిటికీలు కనిపిస్తే మాకేం లాభం వదినా, ఎవరూ చెయ్యి ఊపటల్లేదుగా?" అంది పక్కింటి వదిన. ఇప్పటికీ నా కిటికీల ఫొటోయే అన్నిట్లో గొప్పదని నా నమ్మకం. కానీ వదిన మాటలో సారం ఉంది.

మా పక్కనే బాలాపూర్. అక్కడి గణపతి లడ్డూ వేలం 1994లో 450 రూపాయలతో మొదలైంది. 2024లో 30 లక్షల పైన పలికింది. లడ్డూలో శనగపిండీ చక్కెరే కదా! విలువంతా చుట్టూ నిలబడ్డవాళ్ళ మనసుల్లో ఉంది. ఫొటో కూడా అంతేనేమో. ఖాళీ ఆకాశంలో ఒంటరి విమానం ముక్కు లేని ముక్కుపుడక. అందంగా ఉంటుంది గానీ ఎంతదో, ఎవరిదో తెలియదు. పక్కన ఒక చెట్టో, గోపురమో, మనిషో ఉంటే దాని సైజూ తెలుస్తుంది, దానికీ మనకీ సంబంధమూ కుదురుతుంది.

లోకంలో అందరికన్నా ముందు పేరు తెచ్చుకున్న విమానం ఫొటోనే చూడండి. 1903 డిసెంబరు 17న అమెరికాలో రైట్ సోదరుల విమానం మొదటిసారి లేచింది. పన్నెండు సెకన్లు ఎగిరింది, నూట ఇరవై అడుగులు పోయింది. ఆర్విల్ రైట్ కెమెరాని ముందే ముక్కాలి మీద బిగించి, సముద్రతీర రక్షణ కేంద్రంలో పనిచేసే జాన్ డేనియల్స్ అనే అతన్ని, "విమానం లేవగానే ఈ బుడ్డి నొక్కు" అని పురమాయించి వెళ్ళి విమానంలో పడుకున్నాడు. డేనియల్స్ అంతకు ముందు కెమెరా ముట్టుకున్నవాడే కాదు. ఆ కంగారులో నొక్కాడో లేదో కూడా అతనికి సరిగా గుర్తు లేదుట. ఫొటో మాత్రం అద్భుతంగా వచ్చింది. నాకందులో విమానం కన్నా కుడి పక్కన ఆగీ ఆగనట్టు నిలబడ్డ అన్నగారు విల్బర్ ఎక్కువ నచ్చుతాడు. ఇసుకలో అడుగుల గుర్తులు, పార, చిన్న బల్ల అన్నీ అలా పడి ఉన్నాయి. పెరట్లో పని సగంలో వదిలేసి పరిగెత్తి వచ్చినట్టుంటుంది.

మొహం ఉన్న విమానం కూడా జనానికి ఇష్టం. 2022 డిసెంబరులో శంషాబాద్‌లో బెలూగా దిగింది. తిమింగలం తలలాంటి ఉబ్బెత్తు నుదురున్న సరుకుల విమానం. దాని ఫొటో ఫోనుల్లో తిరగని ఇల్లు మా వీధిలో లేదు. మా ఎదురింటి చంటిది దాన్ని చూసి "బువ్వ ఎక్కువ తినింది" అంది. దానికంటే ముందు 2016 మేలో ఆరింజన్ల మ్రియా వచ్చి వెళ్ళింది. వంద టన్నులు దాటిన జనరేటరు మోసుకుని ఆస్ట్రేలియా పోతూ మన దగ్గర ఆగింది. రెక్కల వెడల్పు 88 మీటర్లు, అలాంటిది లోకంలో అదొక్కటే. 2022 ఫిబ్రవరిలో కీవ్ దగ్గర యుద్ధంలో అది ధ్వంసమైంది. అప్పటిదాకా "ఎంత పెద్దదో!" అని చూసిన ఫొటోనే, పోయిన తర్వాత అందరూ మరోలా చూశారు. గోడకెక్కిన పెద్దవాళ్ళ ఫొటోలు చూసే చూపది.

చూడటం వేరు, మెచ్చడం వేరు అనిపించే ఫొటోలూ ఉన్నాయి. 2010 మార్చి 3న బేగంపేట ప్రదర్శనలో నౌకాదళం వారి విన్యాస విమానం ఒకటి బోయినపల్లిలో ఒక భవనం మీద కూలి, ఇద్దరు వైమానికులు పోయారు. ఆ దృశ్యాలని చూసినవాళ్ళు లక్షల్లో ఉంటారు. నేను మటుకు ఒకసారి చూసి పేజీ తిప్పేశాను. దానికి సరిగ్గా ఎదురుగా నిలిచేది 2009 జనవరి 15 నాటి న్యూయార్క్ ఫొటో. పక్షులు తగిలి ఇంజన్లు ఆగిపోయిన విమానాన్ని హడ్సన్ నది మీద దింపాడు పైలట్. ఆదుకోవడానికి పోతున్న పడవ మీద నుంచి ఒక ప్రయాణికుడు ఫోనుతో తీశాడు. విమానం రెక్క మీద, బస్టాపులో నిలబడ్డట్టు, వరసగా మనుషులు! 155 మందీ బతికారు. ఫోను ఫొటో కదా అని దాని స్పష్టత ఎవరైనా ఎంచారా?

మన ఆడవాళ్ళ దగ్గరికొస్తే, సరళా థక్రాల్ ఫొటో చూపించకుండా వదలను. 1936లో, ఇరవై ఒక్కేళ్ళ వయసులో, ఒక బిడ్డ తల్లిగా, చీర కట్టుకునే జిప్సీ మాత్ విమానం నడిపింది. మా మహిళా మండలిలో ఆ ఫొటో చూపిస్తే ఇంజను గురించి ఒక్కరూ అడగలేదు. "కొంగు ఎక్కడ దోపుకుందీ?", "పిల్లని ఎవరి దగ్గర ఉంచిందీ?" అన్నారు. నవ్వకండి. ఆ రెండూ తేలకుండా ఏ ఆడది ఇల్లు కదిలింది గనక?

ఆకాశం ఎరగని విమానాలూ ఉన్నాయండోయ్. తిరనాళ్ళలో, ఎగ్జిబిషన్లలో అట్టతో కోసి రంగు పూసిన విమానం పెట్టేవారు. దాని కిటికీల్లోంచి మొగుడూ పెళ్ళాం పిల్లలూ తలకాయలు బయటపెట్టి, ఊపిరి బిగపట్టి చూసేవారు. మా పుట్టింట్లో అలాంటిది ఒకటి ఇప్పటికీ ఉంది. ఆ తర్వాత అసలు విమానం ఎన్నోసార్లు ఎక్కిన మా అన్నయ్య కూడా వచ్చినప్పుడల్లా ఆ అట్ట విమానాన్నే చూపించి మురుస్తాడు.

అన్నట్టు, ఈ సరదాలో పడేవాళ్ళకి ఒక హెచ్చరిక. విమానాశ్రయాల్లో ఫొటోల మీద మన దేశంలో 1937 నాటి నిబంధనల నుంచీ ఆంక్షలున్నాయి. పైగా మా చుట్టుపక్కల రక్షణ పరిశోధన సంస్థలున్నాయి, కనక నా కెమెరా మూతి ఎప్పుడూ మబ్బుల వైపే. మన దేశపు తొలి మహిళా పత్రికా ఫొటోగ్రాఫర్ హోమాయ్ వ్యారవాలా తీసిన ఒక ఫొటో ఉంది. ఢిల్లీ పాలం విమానాశ్రయంలో నెహ్రూగారు ఎవరికోసమో ఎదురు చూస్తూ నిలబడ్డారు. పక్కనే ఫొటోలు తీయడం నిషిద్ధమని పెద్ద బోర్డు! ఆ ఫొటోకి అంత పేరు ఎందుకొచ్చిందో వేరే చెప్పాలా?

ఇక బర్రెల ఫొటో. విమానాశ్రయం బయట, ప్రహరీ పక్కన రోడ్డు మీద నుంచి తీసింది. ముందు నాలుగు బర్రెలు, ఒక చింతచెట్టు, వెనక గోడ, గోడ మీదుగా దిగుతున్న విమానం. పలక ముందు నిలబడి ఒక కాలేజీ కుర్రాడు "పాతా కొత్తా కలిసిన ఫొటో" అన్నాడు. అందరూ తలూపారు. పన్నెండింట్లోకీ దీనికే ఎక్కువ మార్కులు పడ్డాయి.

మూడో రోజు సాయంత్రం ప్రసాదానికని మాకు పాలు పోసే అవ్వ వచ్చింది. మిగతా వాటి మీద చూపే వేయలేదు. ఈ ఫొటో దగ్గరికొచ్చి, కొంగుతో కళ్ళు తుడుచుకుని, మొహం అంత దగ్గరగా పెట్టి చూసింది. నేను పక్కకి వెళ్ళి, "విమానం బాగా పడింది కదూ అవ్వా" అన్నాను.

"ఇమానం గాదు బిడ్డా. గీ చింతచెట్టు మాదే. దీని కిందనే మా నాయిన గొర్లను ఆపుతుండె. చెట్టు ఈడ మిగిలింది, పొలం గోడ అటు దిక్కు పోయింది."

ఆ విమానాశ్రయం సుమారు 5,500 ఎకరాల్లో ఉందని నేను చదివి ఉన్నాను. మావారితో వాదించేటప్పుడు ఆ అంకె వాడాను కూడా. అందులో అవ్వ వాళ్ళది ఎన్ని కుంటలో, ఇచ్చిన డబ్బు ఎంతో, అది ఏమైందో నేను అడగలేదు. ఆమె చెప్పనూ లేదు. ఫొటో మీద వేలు పెట్టి, గోడ ఇటు ఎక్కడ మంచం వేసుకునేవారో, అటు బావి ఎక్కడుండేదో చూపించింది. గోడ అవతల బావి ఉన్నచోట ఫొటోలో విమానం చక్రాలున్నాయి.

"గిది నాకొకటి ఇస్తవా?" అంది.

"ఇస్తాను అవ్వా, పెద్దది చేయించి ఇస్తాను."

"పెద్దది ఒద్దు. మీదికెల్లి గా ఇమానం తీసేసి ఇయ్యి."

నిమజ్జనం అయిన మర్నాడు స్టూడియోకి వెళ్ళాను. అక్కడి కుర్రాడు కంప్యూటరు ముందు కూర్చుని రెండుసార్లు అడిగాడు. "విమానమే తీసేయాలా ఆంటీ? అదే కదా బాగుంది?" తీసేయమన్నాను. పై సగం పోయాక చెట్టు, నాలుగు బర్రెలు, గోడ అంచు మిగిలాయి. వెలుతురు కూడా ఏమంత గొప్పగా లేదు. నాలుగు వైపులా సన్నటి అంచు వదిలి ఇచ్చాడు.

అవ్వ దాన్ని పాలక్యానుకి తగలకుండా కొంగులో చుట్టుకుంది. ఫొటో ఖర్చు పాల లెక్కలో పట్టుకోమంది. నేను పట్టుకోలేదు. నెలాఖరు దాకా రోజూ ఒక గ్లాసు ఎక్కువే పోసింది.