పరీక్షల ముందు నిద్ర మానుకుంటున్నారా?

పోయిన నెల కౌతాళంలో ఒక రైతు తన కూతుర్ని నా దగ్గరికి తీసుకొచ్చాడు. "రాత్రంతా లైటు ఆర్పదు సార్. తలకాయ నొప్పంటాది, గుండె దడంటాది, అన్నం తినేకి లేదు" అన్నాడు.

బి.పి. బాగానే ఉంది. కనురెప్ప కిందికి లాగి చూస్తే పాలిపోయి ఉంది. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ తొమ్మిది. సి.ఎ. ఇంటర్మీడియెట్‌కు చదువుతోంది. రాత్రికి ఐదారు కప్పుల టీ, మూడు గంటల నిద్ర.

"ఏ పాఠమమ్మా నిన్నింత భయపెట్టేది?"

"కాస్ట్ ఆఫ్ క్యాపిటల్ సార్. ఫార్ములాలన్నీ వచ్చు. లెక్క ఇస్తే ఏది వెయ్యాలో తెలీదు."

మా అబ్బాయి ఈ పరీక్షలే రాశాడు గనుక ఆ పాఠం నా చెవిన చాలాసార్లు పడింది. తండ్రి వైపు తిరిగి, పత్తికి పెట్టుబడి ఎంతయిందని అడిగాను. రెండు లక్షలట. బ్యాంకులో అరవై వేలు, ఏడు శాతానికి. బయట నలభై వేలు, రెండు రూపాయల వడ్డీకి, అంటే ఏడాదికి 24 శాతం. తక్కిన లక్ష సొంతం.

"సొంత దుడ్డుకు వడ్డీ ఏముంది సార్?" అన్నాడు.

కూతురు తలెత్తింది. "అది ఇంకెక్కడైనా పెట్టింటే ఏమొచ్చేది నాయనా?" "పన్నెండన్నా వచ్చేది." ఆమె నా మందుల చీటీ వెనకే లెక్క వేసింది. సొంతానికి 6, బ్యాంకుకు 2.1, బయటి అప్పుకు 4.8, మొత్తం 12.9 శాతం. మూడు రేట్లు కలిపి మూడుతో భాగిస్తే 14.33 వస్తుంది, అది తప్పు. ఎంత డబ్బుకు ఎంత రేటో, ఆ బరువు చూడాలి.

ఈ పరీక్ష రాసే పాఠకులకు మా అబ్బాయి చెప్పే మాటలు రెండు. అప్పు వడ్డీకి పన్ను తగ్గించండి: పదిశాతం డిబెంచరు, పన్ను పాతిక శాతం అయితే ఖర్చు ఏడున్నరే. డివిడెండుకు ఆ తగ్గింపు లేదు. ఈ ఏడు డివిడెండు 4 రూపాయలు, పెరుగుదల 5 శాతం, షేరు ధర 84 అయితే, పైన వెయ్యవలసింది 4 కాదు, వచ్చే ఏటి 4.20. జవాబు పది శాతం.

ఇక నా మాట. సొంత డబ్బులాగే నిద్రకూ వడ్డీ లేదనుకుంటారు మీరు. చదివింది మెదడులో కుదురుకునేది నిద్రలోనే. నేను వైద్య విద్యార్థిగా ఉన్నప్పుడు రెండు రాత్రులు మేలుకొని పరీక్షకు వెళ్ళి, కంఠతా వచ్చిన మందు మోతాదు మరచిపోయి, పది నిమిషాలు తెల్లకాగితం చూస్తూ కూర్చున్నాను. కనుక ఏడు గంటలు పడుకోండి. మధ్యాహ్నం తర్వాత టీ వద్దు. ఐరన్ మాత్ర వేసుకునేవారు దాంతో టీ అసలే తాగకండి, ఒంటబట్టదు, నిమ్మరసంతో మంచిది. నిద్రమాత్రలు అడగకండి. దిగులు మరీ ఎక్కువై బతకాలనిపించకపోతే మాత్రం ఆ రోజే చెప్పండి; ప్రభుత్వ టెలీమానస్ 14416కి ఏ వేళైనా ఫోన్ చెయ్యవచ్చు.

ఆ పిల్లకు ఐరన్ మాత్రలు రాసిచ్చాను. తండ్రి లేవలేదు. చీటీ వెనక అంకెలే చూస్తున్నాడు.

"అంటే పత్తిలో పదమూడు మిగలకుంటే నాకు నష్టమేనా పాపా?"

"అవు నాయనా."

"పోయినేడు అంత మిగల్లేదే" అంటూ చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.