సముద్రం పక్కకి జరిగిన పూట

విహారయాత్రల్లో మన ఇళ్ళలోని పెద్దావిడలకి ఒక ఉద్యోగం ఖాయం, గమనించారా? బ్యాగులకీ చెప్పులకీ కాపలా. "నువ్విక్కడ కూర్చో, మేం చూసొచ్చి ఫొటోలు చూపిస్తాం" అంటారు. మా అత్తయ్య బొర్రా గుహల్ని అలాగే, బయట బల్ల మీద కూర్చుని చూశారు!

పోయిన డిసెంబరులో అండమాన్ వెళ్ళాం. అక్కడి నీల్ దీవికి 2018 నుంచి షహీద్ ద్వీప్ అని పేరు. లక్ష్మణ్‌పూర్ తీరంలో అలలు తొలిచిన రాతి వంతెన ఒకటుంది. అక్కడ స్థిరపడ్డ బెంగాలీలు దాన్ని హౌరా బ్రిడ్జి అంటారట. సముద్రం ఆటు మీద ఉన్నప్పుడే దాని దగ్గరికి నడవగలం. పోటు వస్తే దారి నీళ్ళపాలే. ఆ వేళ కూడా రోజూ ఒకటి కాదు, దాదాపు 50 నిమిషాలు వెనక్కి జరుగుతూ ఉంటుంది.

తీరం చేరగానే మావారు మామూలు మాటే అన్నారు. "అమ్మా, రాళ్ళు జారతాయి. నువ్విక్కడే కూర్చో."

అత్తయ్య తన ముందు కుప్పపడ్డ చెప్పుల వంక చూశారు. "మోకాళ్ళు నావిరా, నీవి కావు. మెల్లగా వస్తాను" అని లేచారు. బ్యాగులు మావారి ఒళ్ళోకి చేరాయి. నేను చెయ్యి అందించాను.

అందరూ పది నిమిషాల్లో దాటే దారి మాకు అరగంట పట్టింది. రాళ్ళ మధ్య నిలిచిన నీటిగుంటల్లో పగడాలు, బుల్లి చేపలు, నల్లటి దోసకాయలా పడున్న ఓ జీవి. "ఇది ప్రాణమున్నదేనా?" అంటూ అత్తయ్య ప్రతి గుంట దగ్గరా ఆగారు. ఆవిడ పుట్టిల్లు భీమిలి.

"పుట్టినప్పట్నుంచీ సముద్రాన్ని చూస్తున్నానమ్మాయ్. దాని అడుగు చూడటం ఇదే మొదలు" అన్నారు.

వంతెన కిందిదాకా వెళ్ళనేలేదు. నీళ్ళు తిరిగి వస్తున్నాయని గైడు వెనక్కి పిలిచాడు. అత్తయ్యకి ఆ లోటే తెలియలేదు. రాత్రి భోజనాల దగ్గర ఆవిడ చెబుతుంటే మావారు విన్నారు.

మీరూ వెళితే, నీళ్ళు ఇంకా తగ్గుతుండగానే దిగండి. నిదానంగా నడిచేవాళ్ళకి వ్యవధి దొరుకుతుంది. అడుగు జారని చెప్పులు వేసుకోండి. పగడాలు ఏరకండి, చట్టం ఒప్పుకోదు. పెద్దవాళ్ళకి కూర్చునే చోటు వెతికే ముందు, వస్తారా అని ఒక్కమాట అడగండి.