నల్లబడ్డ ఆస్కార్

2023 ఆగస్టు 6, ఆదివారం

పొద్దున్నే తొట్టెలో గొడవ. రెండు ఆస్కార్ చేపలూ పక్కపక్కన నిలబడి, రెక్కలన్నీ విప్పి, తోకలతో నీళ్ళను ఒకదాని మీదికొకటి కొట్టాయి. తర్వాత మొప్పల మూతలు తెరుచుకుని ఎదురెదురుగా వచ్చాయి. ఆఖరికి నోరూ నోరూ పట్టుకుని లాక్కున్నాయి. ఒకదాని బలాన్ని ఒకటి తూచుకునే పోరు ఇది. ఏ దశలోనైనా ఒకటి తగ్గితే అక్కడితో అయిపోవాలి. చిన్నది తగ్గింది. కాసేపటికే ఒళ్ళంతా బొగ్గులా నల్లబడి, దాని మీద తెల్లటి వంకర చారలు తేలాయి. ఓడిన ఆస్కార్‌కు వచ్చే రంగు అది. ఒప్పుకున్నాను, వదిలెయ్ అన్నట్టే.

ఆగస్టు 7

పెద్దది వదల్లేదు. రాత్రికి చిన్నదాని తోక చీలికలైంది, ఫిల్టర్ వెనక ఇరుక్కుని ఉంది. అమెజాన్ నీళ్ళలో అయితే ఓడింది ఎటో వెళ్ళిపోతుంది, గొడవ తీరిపోతుంది. ఇక్కడ నాలుగడుగుల అద్దం. ఓడింది కళ్ళెదుటే ఉంటే, గెలిచినదాని లెక్కలో అది ఇంకా ఎదిరిస్తున్నట్టే. మధ్యలో ప్లాస్టిక్ జాలీ పెట్టాను. ‘నాన్నా, పెద్దది చెడ్డదా?’ అని అమ్మాయి అడిగింది. కాదమ్మా, రెండోదానికి పోయే చోటు లేదు అన్నాను.

ఆగస్టు 13, ఆదివారం

మాంసం తినే చేప గనక కొట్టుకుంటుందని అందరూ అంటారు. నేను ఒప్పుకోను. ఆస్కార్ చిన్న చేపను మింగేటప్పుడు గమనిస్తే తెలుస్తుంది: మొప్పలు విప్పదు, రంగు మార్చదు, బెదిరించదు. నోరు తెరిచి లోపలికి లాగేసుకుంటుంది, అంతే. ఈ ఆర్భాటమంతా సాటి చేప కోసమే. కాన్రాడ్ లోరెంజ్ 1963లో దూకుడు మీద రాసిన పుస్తకంలో ఈ తేడాను నొక్కి చెప్పాడు. ఆ పుస్తకం మొదలయ్యేది కూడా పగడపు దిబ్బల చేపలతోనే.

మన కొర్రమేను సంగతి వేరు. తల్లీతండ్రీ పిల్లల గుంపును కాచుకుని, దగ్గరికొచ్చినదాని మీదికల్లా దూకుతాయి. ఆ పిల్లలే సైజులో తేడా వస్తే ఒకదాన్నొకటి మింగేస్తాయి. అందుకే పెంచేవాళ్ళు ఎప్పటికప్పుడు సైజువారీగా వేరు చేస్తుంటారు. అలా మింగడం తిండి కోసమే, పట్టే నోరు ఉంది కాబట్టి. పోరునూ తిండినీ ఒకే మాటలో కలిపేస్తే ఏ చేపనూ సరిగ్గా పెంచలేం.

ఆగస్టు 16

మేత కోసం షాపుకెళ్ళాను. అక్కడొకాయన ఫ్లవర్‌హార్న్ తొట్టెకు అద్దం ఆనించి పట్టుకున్నాడు. తన నీడనే శత్రువనుకుని అది మొప్పలు విప్పి అద్దాన్ని పొడుస్తోంది. చుట్టూ పిల్లలు కేరింతలు. మలేషియాలో 1990లలో రకరకాల చేపలను కలిపి పుట్టించిన జాతి ఇది. తల మీద బుడిపె అదృష్టమంటారు. ఎంతసేపు పోరాడినా తగ్గని శత్రువును దాని ముందు నిలబెట్టడం నాకు క్రూరంగానే తోచింది. ఆయనకు ఆ మాటే చెప్పాను. అద్దం తీశాడు, నా వైపు మాత్రం చూడలేదు.

ఆగస్టు 27, ఆదివారం

చిన్నదాని తోక మళ్ళీ అల్లుకుంటోంది. నారింజ మచ్చలు కనిపిస్తున్నాయి. అయినా జాలీ తియ్యను. రాళ్ళ అమరిక మార్చి, పాత హద్దులు చెరిపేసి, మళ్ళీ కలపమని కొందరి సలహా. కొత్త చేపను వదిలేటప్పుడు అది పనిచేస్తుంది. ఇంత దెబ్బలు తిన్నదాన్ని అదే పెద్దదాని ముందుకు తొయ్యలేను. బావ దగ్గర ఆరడుగుల తొట్టె ఖాళీగా ఉంది. ఫోన్ చేస్తే, ‘తీసుకురా బావా, నీళ్ళు సిద్ధం చేసి ఉంచుతా’ అన్నాడు. వచ్చే ఆదివారం పట్టుకెళ్ళాలి.