వెలుతురు ఎటు నుంచి?

2018 ఫిబ్రవరిలో అనువాదకుల సమావేశమొకదానికి ఢిల్లీ వెళ్ళాను. మూడు రోజులనుకొన్న సమావేశం రెండు రోజులకే ముగిసింది. మిగిలిన రోజు ఏం చేయాలో తోచక కూర్చొని ఉంటే, గౌహతి నుంచి వచ్చిన మిత్రురాలు “లోదీ కాలనీ గోడలు చూసి రండి. టిక్కెట్టు కూడా అక్కరలేదు” అన్నది. గోడలు చూడటానికి ఇంత దూరం రావాలా అని లోలోపల నవ్వుకొన్నాను. అయినా మరునాటి ఉదయం జోర్‌బాగ్ మెట్రో స్టేషనులో దిగి నడక సాగించాను.

బ్రిటిషువారు 1940ల్లో ప్రభుత్వోద్యోగుల కోసం కట్టించిన కాలనీ అది. ఎత్తయిన కమానులు, వాటి పక్కన విశాలమైన బోసి గోడలు, వీధుల పొడవునా పెద్ద పెద్ద చెట్లు. అటువంటి గోడ కంటబడితే చిత్రకారుడు ఊరుకోగలడా? ‘స్టార్ట్ ఇండియా ఫౌండేషన్’ అనే సంస్థ గత దశాబ్దం నడిమి సంవత్సరాలలో ఇక్కడ పని ప్రారంభించి, దేశ విదేశాల కళాకారులను రప్పించి గోడ తరువాత గోడ చిత్రింపజేసింది. ఇప్పటికి యాభైకి పైగా గోడలు బొమ్మలయ్యాయంటారు. అన్నీ నాకు నచ్చాయని చెప్పను. కొన్నింటిలో రంగులే గాని మాట లేదు. కెమెరాల ముందు నిలబడే యువతీయువకులకు మాత్రం ఆ భేదం పట్టినట్లు లేదు.

ఒక గోడ దగ్గర మాత్రం నా కాళ్ళు ఆగిపోయాయి. దాని మీద బొమ్మ లేదు, రంగుల ఆర్భాటం లేదు. గోడ నుంచి మనవైపు పొడుచుకొని వచ్చినట్లు అక్షరాలు బిగించారు. తిన్నగా చూస్తే సన్నని గీతల్లాగా ఉంటాయి తప్ప చదవటానికి వీలుకాదు. కాని ఎండ పడగానే వాటి నీడలు గోడ మీద పరచుకొని ఇంగ్లీషు మాటలవుతాయి. కాలం వేటివేటిని మారుస్తుందో వాటి పేర్లే ఆ మాటలు. సూర్యుడు కదిలేకొద్దీ నీడలు సాగుతాయి, ఒరుగుతాయి, చివరకు మాయమవుతాయి. తన అసలు పేరు వెల్లడించకుండా ‘డాకు’ అన్న పేరుతో పనిచేసిన కళాకారుడు 2016లో చేసిన పని ఇది. ‘కాలం అన్నింటినీ మారుస్తుంది’ అని దీనికి పేరు.

ఎదురుగా చెట్టు కింద ఒకాయన బట్టలు ఇస్త్రీ చేస్తున్నాడు. నేను ఎంతకీ కదలకపోవటం చూసి, “ఏమి వ్రాసి ఉందమ్మా అక్కడ?” అని హిందీలో అడిగాడు. నాకు వచ్చిన హిందీలోకి ఒక్కొక్క మాటా మార్చి చెప్పాను. ఆయన ఓపికగా విని, “ఇంతేనా? ఇది చెప్పటానికి ఇంత గోడ కావాలా?” అన్నాడు. తరువాత పెట్టె పక్కన పెట్టి, “నాకు చదవటం రాదు గాని, ఆ నీడ ఎంతవరకు వస్తే నా భోజనం వేళ అవుతుందో తెలుసు” అని గోడ మీద ఒకచోటు వేలితో చూపించాడు. ఇరవై ఏళ్ళుగా మాటలను ఒక భాషనుంచి మరొక భాషకు మోస్తున్న నేను ఆ గోడను చదివాను. ఆయన దానిని వాడుకొంటున్నాడు.

అప్పుడు నాకు మా నాన్నగారు గుర్తుకు వచ్చారు. నిజానికి గోడను చూసిన మరుక్షణమే వచ్చారు. నేనే కాసేపు పక్కకు నెట్టాను.

మా నాన్నగారు తెనాలిలో బోర్డులు వ్రాసేవారు. కిరాణా కొట్లు, కిళ్ళీ కొట్లు, దవాఖానాలు, ఎన్నికల రోజులలో గోడలు. అయిదవ తరగతితో చదువు ఆగిపోయింది. ఇంగ్లీషు రాదు. అయినా ఇంగ్లీషు బోర్డు ఆయన చేతనే వ్రాయించుకోవాలని పక్క ఊళ్ళనుంచి వచ్చేవారు. “అక్షరం కూడా బొమ్మే గదమ్మా, చూసి వేయటమే” అనేవారు. సుద్ద పూసిన దారం రేకు మీద బిగించి లాగి వదిలితే తెల్లని గీత పడేది. ఆ గీతల మధ్య కుంచె ఒక్క ఊపున దిగి వచ్చేది. చివర అక్షరాలకు నీడ వేయాలి. అది మొదలుపెట్టేముందు నిచ్చెన దిగి, నాలుగడుగులు వెనక్కు నడిచి, ఎవరినో అడుగుతున్నట్లు “వెలుతురు ఎటు నుంచి?” అనేవారు. అది ఆకాశంలో సూర్యుని గురించి కాదు, బోర్డు లోపలి వెలుతురు గురించి. ఎడమ పైనుంచి అనుకొంటే, ప్రతి అక్షరానికీ నీడ కుడి దిగువకే పడాలి. ఒక్కదానికి తప్పినా బోర్డంతా అబద్ధమైపోతుందని ఆయన పట్టుదల. అన్నీ అయ్యాక కింది మూలలో పొట్లపువ్వు గింజంత అక్షరాలతో తన సంతకం.

2000 సంవత్సరంలో నేను బి.ఏ. చివరి ఏడాదిలో ఉన్నాను. ఆంగ్ల సాహిత్యం నా పాఠ్యవిషయం. దానితోపాటు ఆ వయస్సుకు సహజమైన పొగరు. ఒక మధ్యాహ్నం క్యారియరు పట్టుకొని ఆయన పనిచేస్తున్న చోటికి వెళ్ళాను. కాగితాలు, కలాలు అమ్మే కొత్త దుకాణం. బోర్డు మీద ‘స్టేషనరీ’ అన్న ఇంగ్లీషు మాటలో ‘ఇ’ ఉండవలసిన చోట ‘ఎ’ పడింది. పలకటంలో తేడా లేదు. అర్థం మాత్రం కాగితాలు కాక ‘కదలకుండా నిలిచి ఉన్నది’ అవుతుంది. నేను దుకాణదారు ఎదుటనే పకపకా నవ్వి, “నాన్నగారూ, ఇది కాగితాల కొట్టు కాదు, కదలని కొట్టు” అన్నాను. దుకాణదారు నవ్వాడు. రంగు డబ్బా పట్టుకొన్న కుర్రవాడు కూడా నవ్వాడు. నాన్నగారు నవ్వలేదు, కోప్పడలేదు. “ఏది ఉండాలో చెప్పమ్మా” అన్నారు. చెప్పాను. ఆ ఒక్క అక్షరాన్ని రేకు రంగుతో కప్పి, ఆరిన తరువాత దిద్దారు.

ఆయన చొక్కా జేబులో ఉన్న చీటీ నేను మరునాడు చూశాను. దుకాణదారు తన చేతితో వ్రాసి ఇచ్చినది. తప్పు ఆ చీటీలోనే ఉంది. దానిని బయటికి తీసి చూపితే ఆ క్షణమే తేలిపోయేది. ఆయన తీయలేదు. ఎందుకు తీయలేదో నేనూ అడగలేదు.

తరువాతి కాలంలో ఇంగ్లీషు పని వచ్చినప్పుడల్లా సిగరెట్టు పెట్టె అట్ట వెనుక మాట వ్రాయించి తెచ్చి, “ఒకసారి చూడమ్మా” అనేవారు. నా చదువంటే ఆయనకు గర్వమనుకొని మురిసిపోయాను. క్రమంగా ఫ్లెక్సులు వచ్చాయి, పని తగ్గింది. 2011లో ఆయన పోయారు. ఏడాది తిరిగాక అమ్మ ఏదో మాటల మధ్య చెప్పింది: ఆ కొట్టు బోర్డు మొదలు ఇంగ్లీషు బోర్డుల మీద మీ నాన్నగారు సంతకం పెట్టటం మానేశారు, తెలుగు బోర్డుల మీదే పెట్టేవారు అని.

ఢిల్లీలో ఆ గోడ ముందు మబ్బు పట్టేదాకా నిలబడ్డాను. నీడలు పోయాయి. మాటలూ పోయాయి. ఇస్త్రీ ఆయన తలయెత్తి చూసి, “వస్తాయి, ఉండండి” అన్నాడు.

2024 సెప్టెంబరులో హనీఫ్ ఖురేషీ మరణవార్త చదివాను. ఆ గోడల వెనుక ఉన్న సంస్థను స్థాపించిన వారిలో ఆయన ఒకరు. అంతకుముందే వీధి పెయింటర్ల చేతివ్రాతను సేకరించి కంప్యూటరు అక్షరాలుగా మలచి, వాటికి ఆ పెయింటర్ల పేర్లే పెట్టారు. ఆ వార్త మడిచి పెట్టి, మరుసటి వారమే తెనాలి వెళ్ళాను.

కొట్టు ఉంది. పైన ఫ్లెక్సు వెలుగుతోంది. పాత రేకు బోర్డు వెనుక వసారాలో గోడకు ఆనించి ఉంది. దుకాణదారు కుమారుడు, “తీసుకువెళ్ళండమ్మా, ఇనుప సామానుకు వేద్దామనుకొంటున్నాం” అన్నాడు. ఎండలోకి తెచ్చి తుడిచాను. ఇరవై నాలుగేళ్ళకు పై రంగు పెచ్చులూడింది. ‘ఇ’ వెనుకనుంచి ‘ఎ’ అక్షరపు ఏటవాలు గీతలు బయటపడ్డాయి. దిద్దిన అక్షరానికి కూడా నీడ కుడి దిగువకే ఉంది. కింది మూల ఖాళీగా ఉంది.